పరీక్షకుని సంచి

దొంగతనమునకు బయలుదేరువాడు ఏమేమి వెంట తీసికొని పోవలయునో మన పూర్వులు శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. దండి మహాకవి దశకుమారచరితమున, అపహారవర్మ రాత్రివేళ కన్నము వేయబోవుచు కూర్చుకొనిన సరంజామా పట్టిక యొకటి యున్నది. పాము పడగవంటి మొనగల పనిముట్టు, పట్టుకారు, కొలత త్రాడు, ఎండ్రకాయ కొక్కెము, మోకు, దీపపు బరిణె, ఇంటిలోని దీపము నార్పుటకు తుమ్మెదలను పెట్టిన భరణి, లోపలివారు మేల్కొని యున్నారో లేదో తెలిసికొనుటకు కన్నములో ముందుగా దూర్చి చూచు బొమ్మ తల, ఇవన్నియు అందులోనివే. ఆ గ్రంథమును పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు ఇంకను విచిత్రమైనవాడు. అన్నియు సర్దుకొని వచ్చి, చారుదత్తుని ఇంటి గోడ దగ్గర నిలిచిన పిదప, కొలత త్రాడు మరచితినని గ్రహించినాడు. వేరు దారి లేక తన యజ్ఞోపవీతముతోనే గోడను కొలిచినాడు.

ఈ రెండు కథలును నాకు తరచుగా జ్ఞప్తికి వచ్చుచుండును. నా వృత్తియు ఒక విధముగా కన్నము వేయుటయే. భేద మొక్కటే. ఇంటివారే నన్ను పిలిచి, ప్రతిఫలమిచ్చి, కన్నము వేయుమందురు. అది ఎక్కడ పడినదో, ఏల పడినదో, దానిని పూడ్చుట ఎట్లో వారికి వ్రాసి యిచ్చుట నా పని.

నేడు బ్యాంకుల పద్దులు, ఆసుపత్రుల రోగవివరములు, కర్మాగారముల లెక్కలు కంప్యూటర్లలోనే యున్నవి. వాటి కాపలా గట్టిదని యజమాని నమ్ముట ఒకటి. గట్టిదో కాదో పరీక్షించి చూచుట మరియొకటి. ఈ పరీక్షకు పెనెట్రేషన్ టెస్టు అని పేరు. మనము చొరబాటు పరీక్ష యని చెప్పుకొనవచ్చును. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. కంప్యూటర్ల భద్రతను గూర్చి జేమ్స్ ఆండర్సన్ అమెరికా వైమానిక దళమునకు 1972లో ఒక నివేదిక సమర్పించెను. మల్టిక్స్ అను పెద్ద కంప్యూటరు వ్యవస్థను ఛేదించి చూచి, అందలి లోపములను వివరించుచు పాల్ కార్గర్, రోజర్ షెల్ అనువారు 1974లో మరియొక నివేదిక ప్రకటించిరి. ఈ శాస్త్రమునకు అవి తొలి మెట్లలోనివి.

ఈ పరీక్షలో చాల భాగము మన ఇంటిలో కూర్చుండియే, ఇంటర్నెట్టు ద్వారా చేయవచ్చును. కాని కొన్ని ప్రశ్నలకు సమాధానము అక్కడకు పోయినగాని దొరకదు. వెనుక తలుపు నిజముగా మూసుకొనుచున్నదా? ఉద్యోగి మెడలోని కార్డుకు నకలు తీయవచ్చునా? సమావేశపు గదిలో ఎవరును వాడని నెట్‌వర్కు సాకెట్టు ఇంకను ప్రాణముతో నున్నదా? కార్యాలయపు వైఫై ప్రహరీ దాటి వీధిలోనికి వచ్చుచున్నదా? ఇట్టివి తెలిసికొనుటకు ప్రయాణము చేయవలయును. ఆ ప్రయాణమునకు సంచి సర్దుకొనుట ఎట్లన్నదే నేటి నా ప్రసంగము.

సంచి సర్దుట బీరువా ముందు నిలిచి ఆరంభించు పని కాదు. ఒప్పందపు కాగితము ముందు కూర్చుండి ఆరంభించు పని. ఏ భవనములు, ఏ అంతస్తులు, ఏ వేళలు, ఏ యంత్రములు పరీక్షలో చేరియున్నవో, ఏవి ముట్టరానివో, ముందుగా ఆ కాగితమున ఉండవలయును. తాళములను పరీక్షింపుమని అందులో లేనిచో తాళములు తీయు పనిముట్లు సంచిలోనికి రాకూడదు. వైఫై ప్రస్తావన లేనిచో ఆంటెన్నా ఇంటిలోనే యుండవలయును. అనవసరమైన పనిముట్టు బరువు మాత్రమే కాదు. అది చేతిలో నున్నంతకాలము వాడి చూతమను కోరిక పుట్టించును. ఇతరుల కంటబడిన క్షణమున అనుమానము పుట్టించును.

ఇక వస్తువుల సంగతి. మొదటిది ల్యాప్‌టాపు. ఇంటిలో పిల్లల ఫొటోలు దాచుకొను ల్యాప్‌టాపు దీనికి పనికిరాదు. ఈ పనికే ప్రత్యేకించినది కావలయును. పాత పనుల సమాచారమంతయు తుడిచివేసి, క్రొత్తగా సిద్ధపరచవలయును. ఒకరి గుట్టు మోసికొని మరియొకరి ఇంటికి పోరాదు గదా! దాని డిస్కు మొత్తము సంకేతలిపిలో భద్రమై యుండవలయును. అట్లున్నచో దారిలో పోయినను పోవునది యంత్రపు ఖరీదే. 2013లో వెలువడిన కాలీ లినక్సు వంటి వ్యవస్థలో ఈ పనికి కావలసిన సాధనములు చాలవరకు ఒకే చోట దొరకును. వాటిని తాజా పరచుకొనుట ఇంటివద్దనే పూర్తి చేయవలయును; పోయిన చోట ఇంటర్నెట్టు దొరకునన్న నమ్మకము లేదు. ఆ ల్యాప్‌టాపు మొరాయించినచో పని ఆగకుండ రెండవది యొకటి యుండుట మంచిది. అంత స్తోమత లేనివారు అదే వ్యవస్థను ఒక పెన్‌డ్రైవులో నయినను ఉంచుకొనవలయును.

రెండవది తీగలు. ఇవి చవుక సరకులు; కాని పని ఆగునది వీటివల్లనే. నెట్‌వర్కు కేబుళ్ళు పొట్టిది ఒకటి, పొడవుది ఒకటి ఉండవలయును. నేటి పలుచని ల్యాప్‌టాపులకు ఆ కేబులు పెట్టు రంధ్రమే యుండదు గనుక, యుఎస్‌బీకి తగిలించు ఎడాప్టరు తప్పనిసరి. గోడలో ఒకే సాకెట్టున్నచోట ఇద్దరు పనిచేయుటకు చిన్న స్విచ్చి యొకటి, కరెంటు కొరకు ఎక్స్‌టెన్షను బాక్సు ఒకటి కావలయును. రౌటర్ల వంటి పరికరములతో నేరుగా మాటాడుటకు కన్సోలు కేబులని వేరుగా నుండును. ఈ కన్సోలు కేబులే నాకు బుద్ధి చెప్పినది. ఒక ఆదివారమునాడు పరాయి ఊరిలో పనికి పోతిని. సంచి విప్పి చూతును గదా, ఆ కేబులు మా ఇంటి బల్లమీదనే మిగిలిపోయినది. ఊరిలో దుకాణములు మూసియున్నవి. దినమంతయు వ్యర్థమైనది. శర్విలకునికి జందెమైనను అక్కరకు వచ్చినది. నాకు ఏదియు అక్కరకు రాలేదు.

మూడవది గాలిలోని మాటలను వినుటకు వలసిన వైఫై ఎడాప్టరు. మామూలు ఎడాప్టరు తన పేర వచ్చిన మాటను మాత్రమే పైకి చేరవేయును. సంతలో నిలిచి తన పేరు పిలిచినప్పుడే తల త్రిప్పు మనిషి వంటిది. మనకు కావలసినది సంతలోని గోల యంతయు విని వ్రాసికొనగల ఎడాప్టరు. ఆ స్థితికి మానిటర్ మోడు అని పేరు. ఎల్ల ఎడాప్టర్లకును ఆ శక్తి యుండదు. అందువలన కొనుటకు ముందే విచారింపవలయును. బయలుదేరుటకు ముందు ఇంటిలో ఒకసారి నడిపి చూడవలయును.

నాలుగవది తలుపు కార్డులను చదువు పరికరము. కార్యాలయములలో వాడు కార్డులు ముఖ్యముగా రెండు జాతులు. కొన్ని 125 కిలోహెర్ట్జుల మీద, కొన్ని 13.56 మెగాహెర్ట్జుల మీద పనిచేయును. మొదటి జాతిలోని పాత కార్డులు అనేకములు, అడిగిన వారికెల్ల తమ సంఖ్యను చెప్పివేయును. అందు రహస్య మేమియు నుండదు. ప్రాక్స్‌మార్క్ వంటి పరికరమును దగ్గరగా పెట్టినచో క్షణములలో ఆ సంఖ్య నకలగును. ఇది కండ్లార చూచిన యజమాని కార్డులు మార్పించుటకు ఆలస్యము చేయడు.

ఐదవది రాస్ప్‌బెర్రీ పై వంటి చిట్టి కంప్యూటరు. 2012లో వెలువడిన ఈ యంత్రము అరచేతిలో ఇమిడిపోవును. ఎవరును చూడకుండ ఒక బల్ల క్రింద దీనిని నెట్‌వర్కునకు తగిలించినచో, ఎన్ని దినములకు ఎవరు కనిపెట్టుదురో చూడవచ్చును. దానిమీద ఒక సంఖ్యయు, కనుగొన్నవారు పిలువవలసిన ఫోను నంబరును అంటించుట మరువరాదు. లేనిచో దానిని చూచినవారు భయపడి భవనమంతయు ఖాళీ చేయింతురు.

విమానములో పోవువారు ఈ సరంజామాను రెండుగా విభజింపవలయును. స్క్రూడ్రైవర్లు, కత్తెరలు, తాళపు పనిముట్లు లగేజీలో వేయవలసిన పెట్టెలోనికి. విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చేతిసంచిలోనికి. ఇది తారుమారైనచో విమానాశ్రయముననే పరీక్ష ముగియును. విడి బ్యాటరీలకు 100 వాట్ అవర్లు సాధారణ పరిమితి. అంతకు మించి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావలయును. ఈ లెక్క కష్టమైనది కాదు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్‌బ్యాంకు 3.7 వోల్టులదైనచో 74 వాట్ అవర్లగును. నిర్భయముగా తీసికొని పోవచ్చును.

వీటి నడుమ ఒక కాగితపు పుస్తకము, ఒక కలము ఉండవలయును. ఏ నిమిషమున ఏ పని చేసితిమో అందులో వ్రాయవలయును. పది గంటల ఇరువది నిమిషములకు ఆ సంస్థ యంత్ర మొకటి తనంతట తానే ఆగిపోయినదనుకొనుడు. వేళ్ళన్నియు మనవైపే చూపును. ఆ వేళ మనము వేరొక అంతస్తులో వేరొక పని చేయుచుంటిమని చెప్పగలది ఆ పుస్తక మొక్కటే.

ఇన్నింటిని గుర్తుంచుకొనుట ఎవరి తరము? అందుకే కేబులు మరచిన ఆ ఆదివారము నుండి నేను అచ్చువేసిన పట్టిక యొకటి వాడుచున్నాను. ప్రతి వస్తువునకు సంఖ్య యున్నది. సంచిలో వేయునప్పుడు ఒక గీత, తిరిగి వచ్చునప్పుడు మరియొక గీత. పోవునప్పటి గీతకంటె వచ్చునప్పటి గీత ముఖ్యమైనది. ఇంటిలో మరచిన వస్తువు ఒక దినమును మాత్రమే పాడుచేయును. అక్కడ మరచిన వస్తువు ఆ భవనమునకు మనమే వేసిన కన్నమగును. సమాచారమునకును ఇదే న్యాయము. పరీక్షలో మన చేతికి చిక్కిన రహస్యపదములను, కాగితములను భద్రపరచి, నివేదిక ముగిసి గడువు తీరిన పిదప తుడిచివేయవలయును.

ఇంతవరకు చెప్పినవన్నియు అంగడిలో దొరకును. దొరకనిది ఒకటి యున్నది. అది అనుమతి పత్రము. దాని విలువ తెలుపు నిజవృత్తాంత మొకటి మనవి చేసెదను.

2019 సెప్టెంబరు 11వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప, అమెరికాలోని అయోవా రాష్ట్రమున, అడెల్ పట్టణములోని డాలస్ కౌంటీ న్యాయస్థాన భవనమున అపాయఘంట మ్రోగినది. లోపల ఇద్దరు పరీక్షకులు ఉండిరి. రాష్ట్ర న్యాయశాఖ వారే తమ భద్రతను పరీక్షింపుమని ఒక సంస్థతో ఒప్పందము చేసికొనగా, ఆ సంస్థ వీరిని పంపినది. వారు పారిపోలేదు. పోలీసులు వచ్చువరకు నిలిచి, అనుమతి పత్రమును చూపించిరి. అందున్న నంబర్లకు ఫోను చేయగా, వీరు తాము పంపినవారే యని అవతలివారు చెప్పిరి. అంతట షెరీఫు వచ్చి, ఈ భవనము కౌంటీది, రాష్ట్రముది కాదు, అనుమతి ఇచ్చుటకు వారెవ్వరనెను. ఇద్దరిని చెరసాలకు పంపిరి. దోపిడికై చొరబడినారని ఒక అభియోగము, దొంగతనపు పనిముట్లు కలిగియున్నారని మరియొకటి మోపిరి. పిదప ఆ నేరమును అక్రమ ప్రవేశముగా తగ్గించి, 2020 జనవరి చివరకు దానిని కూడ ఉపసంహరించిరి.

దొంగతనపు పనిముట్లు! అంతకు పూర్వపు గడియలో అవి పరీక్షకుని పనిముట్లు. వస్తువు మారలేదు, సంచి మారలేదు, మనుష్యులు మారలేదు. కాగితముమీద సంతకము చేసినవానికి ఆ తలుపుమీద హక్కు ఉన్నదా లేదా యను ఒక్క సందేహముతో పేరు మారిపోయినది. అపహారవర్మ మూటకును నా సంచికిని భేదము ఏ పనిముట్టులోను లేదు. ఆ ఒక్క సంతకములో నున్నది.

ఇది మనకు దూరపు కథ కాదు. మన నగరములలో కార్యాలయ మొకరిది, భవనము మరియొకరిది, కాపలా వేరొక ఏజెన్సీది, కంప్యూటర్లు ఇంకొకరి డేటా సెంటరులోనివి. వారిలో ఒకరి సంతకము తక్కినవారి తలుపులను తెరువజాలదు. మన సమాచార సాంకేతిక చట్టము, 2000లోని 43వ విభాగము, యజమాని లేక బాధ్యుడైనవాని అనుమతి లేకుండ కంప్యూటరులో ప్రవేశించుటను తప్పుగా చెప్పుచున్నది. దురుద్దేశముతోనో వంచనతోనో అట్లు చేసినచో 66వ విభాగము క్రింద మూడేండ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. కావున ఎవరెవరి తలుపులు తాకెదమో వారందరి సంతకములును ముందుగా సేకరింపవలయును. ఆ పత్రమును ఫోనులో దాచుకొనిన చాలదు. బ్యాటరీ అయిపోవునది సరిగా ఆ రాత్రియే. కాగితముమీద రెండు ప్రతులు తీసికొని, రాత్రి మేల్కొని పలుకగల ఇద్దరు పెద్దల నంబర్లు వ్రాసి, ఒకటి సంచిలోను, ఒకటి చొక్కా జేబులోను ఉంచుకొనవలయును.

ఆ పత్రము పరీక్షకుని కాపాడును. మరి పరీక్షకు గురియైనవారిని కాపాడునది ఏది? ఈ ప్రశ్న నాకు మొదటి దినములలో తోచలేదు. తోచునట్లు చేసినవాడు ఒక వృద్ధుడు.

నా సరంజామాలో అన్నింటికంటె చవుకైనది, అన్నింటికంటె గట్టిగా పనిచేయునది ఖాళీ అట్టపెట్టె. ఒక ఉదయమున అట్టివి రెండు చేతులనిండ పట్టుకొని, ఒక కార్యాలయపు తూర్పు వాకిట నిలిచితిని. కాపలాలో నున్న ముసలాయన నన్ను చూచి, కుర్చీలోనుండి లేచి, "ఉండండి బాబూ, బరువుగా ఉన్నట్టున్నాయి, నేను తీస్తాను" అని తన కార్డుతోనే తలుపు తీసెను. పెట్టెలలో గాలి తప్ప ఏమియు లేదు. ఆ సాయంకాలమునకు నేను చేరవలసిన గదులన్నింటికి చేరితిని. చాల సంతోషించితిని.

నివేదిక చదివిన దినమున ఆ సంస్థ అధికారి ఒక్కటే ప్రశ్న అడిగెను: "తూర్పు గేటులో ఆ పూట ఎవరున్నారు?" నేను వాకిలి పేరును, గంటను, నిమిషమును కూడ స్పష్టముగా వ్రాసితిని. పేరు వ్రాయలేదు గాని, వ్రాసినట్లే అయినది. ఆ ముసలాయన చేసిన తప్పు, బరువు మోయుచున్నవానికి తలుపు తీయుట. ఆ తప్పు చేయని మనిషి మన ఇంటిముందు కాపలా యుండుట మనకు మాత్రము ఇష్టమా? నాతో వచ్చిన పెద్దాయన చాల సేపు వాదించి, ఆయన ఉద్యోగము నిలిపెను. ఆ వాక్యమును నివేదికనుండి కొట్టివేయించి, దాని స్థానమున ఇట్లు వ్రాయించెను: చేతులు ఖాళీ లేనివారు వచ్చినప్పుడు ఏమి చేయవలయునో కాపలావారికి ఎవరును చెప్పలేదు; వాకిటివద్ద సామానులు దించుకొనుటకు బల్ల లేదు. కాని ఆయనను ఆ వాకిటినుండి వెనుక గోదాము దగ్గరి రాత్రి కాపలాకు మార్చినారని తరువాత వింటిని.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున అమాత్యులను నాలుగు విధముల రహస్య పరీక్షలకు గురిచేయు పద్ధతిని చెప్పినాడు. చెప్పి ఊరకుండలేదు. నీటిలో విషము కలిపినట్లు, చెడనివానిని పరీక్షపేర చెరుపరాదని హెచ్చరించినాడు. పరీక్ష ఎంత అవసరమో తెలిసినవాడే దాని హద్దును కూడ తెలిసికొనినాడు.

ఆ సంఘటన తరువాత నా ఒప్పందములలో ఒక వాక్యము చేరినది. ఈ పరీక్షలో బయటపడిన విషయముల ఆధారముగా ఏ ఉద్యోగిని గాని, కాపలాదారుని గాని శిక్షింపరాదు, మార్పరాదు. నివేదికలో వ్యక్తుల గుర్తులు ఉండవు. కొందరు యజమానులు వెంటనే ఒప్పుకొందురు. కొందరు ముఖము చిట్లింతురు. ఒప్పుకొననివారి పని చేయవచ్చును. వారి తాళములను, కార్డులను, యంత్రములను పరీక్షింపవచ్చును. వారి మనుష్యులను మాత్రము పరీక్షింపను.

ఇప్పటికిని నా సంచి అడుగున ఖాళీ అట్టపెట్టె యొకటి మడిచి యుండును. పట్టికలో దాని సంఖ్య చివరిది. బయలుదేరు రాత్రి అన్నింటికిని గీతలు గీసి, ఆ చివరి సంఖ్య దగ్గర ఆగి, ఒప్పందపు కాగితమును మరియొకసారి తీసి చదువుదును. ఆ వాక్యమున్నచో గీత గీసి సంచి మూసెదను. లేనిచో పెట్టెను తీసి బీరువామీద పెట్టి పోయెదను.